ఫోనులో కంప్యూటర్ సలహా చెప్పే ముందు

కడపలో ఏడు రోడ్ల కూడలి దగ్గరి సందులో ఇరవై రెండేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. నా బల్ల మీదికి వచ్చే పెట్టెల్లో చాలావాటికి అప్పటికే ఎవరో ఒకరు వైద్యం చేసి ఉంటారు. బీటెక్ చదివే మేనల్లుడు చెప్పాడనో, ఆఫీసులో పక్క సీటు ఆయన చెప్పాడనో, వీడియోలో చూశామనో ఏదో నొక్కి, ఏదో తీసేసి, ఇక లేవని పరిస్థితిలో మోసుకొస్తారు. ఆ సలహా ఇచ్చినవాళ్లు చెడ్డవాళ్లు కారు. అయినవాళ్లకు సాయం చేద్దామనే చెప్పారు. ప్రతి ఇంటి బంధువర్గంలో కంప్యూటర్ సంగతులు చెప్పే మనిషి ఒకరుంటారు. మీరు ఆ మనిషి అయితే ఇది మీ కోసమే రాస్తున్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. కంప్యూటర్ విషయంలో ఇంకో మాట కూడా నిజం: చెప్పేవాడికి ఖర్చు లేదు, పోయేదంతా వినేవాడిదే.

ఈ మాట నాకు ఎలా తెలిసిందో ముందు చెబుతాను. 2011లో ఒక సాయంత్రం రాజంపేట నుంచి ఒక ఫోటో స్టూడియో కుర్రాడు ఫోను చేశాడు. "అన్నా, విండోస్ ఎక్కడం లేదు, నల్ల తెర వచ్చి ఆగిపోతోంది" అన్నాడు. షాపులో నలుగురు నిలబడి ఉన్నారు. "సీడీ ఉంది కదా, మళ్లీ ఎక్కించు" అన్నాను. కాసేపటికి మళ్లీ చేశాడు. "ఎందులో వేయాలని అడుగుతోంది అన్నా." "అక్కడున్న లైను డిలీట్ చేసి, కొత్తది చేసుకుని అందులో వెయ్యి" అన్నాను. నా మనసులో ఉన్నది సీ డ్రైవు ఒక్కటే. అతని తెర మీద నాలుగు లైన్లు ఉన్నాయి, ఒక్కో లైనూ డిస్కులో ఒక్కో డ్రైవు. ఎన్ని ఉన్నాయని నేను అడగలేదు. అతను నాలుగూ తీసేశాడు.

డీ డ్రైవులో ఆ శ్రావణమాసంలో తీసిన ఆరు పెళ్లిళ్ల ఫోటోలు ఉన్నాయి. ఆల్బమ్‌లు ఇంకా వేయలేదు. మూడు రోజులు కూర్చుని రికవరీ చేస్తే నాలుగు పెళ్లిళ్లవి చాలావరకు తిరిగి వచ్చాయి. మిగిలిన రెండింటివి పై సగం బొమ్మ, కింది సగం బూడిదరంగు పట్టీలా వచ్చాయి. అందులో ఒకటి తలంబ్రాల ఫోటో. పెళ్లికూతురి నుదుటి మీద బాసికం, ఎత్తిన రెండు చేతులు, రాలుతున్న బియ్యం కనిపిస్తాయి. గడ్డం దగ్గరి నుంచి కిందికి ఏమీ లేదు. ఆ కుర్రాడు నన్ను ఒక్క మాట అనలేదు. తప్పు మాత్రం నాదే.

ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. మీరూ పెట్టుకోండి. అవతలి మనిషి తెరను నా కళ్లతో చూడకుండా, వాళ్ల ఫైళ్లు ఇంకో చోట ఉన్నాయని తేల్చుకోకుండా "డిలీట్", "ఫార్మాట్", "రీసెట్" అనే మాటలు నోటి వెంట రానివ్వను. "ఏదో అడుగుతోంది, ఎస్ కొట్టేయనా?" అని అడిగితే, "అందులో ఏమి రాసి ఉందో అక్షరం వదలకుండా చదువు" అంటాను. ఇప్పుడైతే ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమంటే సరిపోతుంది. కన్ను మూసి తెరిచేంతలో వచ్చే ఆ ఫోటో అప్పట్లో ఉండి ఉంటే ఆ రెండు పెళ్లిళ్లు మిగిలేవి.

అడగడం అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. "కంప్యూటర్ స్లో అయింది" అంటారు. పొద్దున ఆన్ కావడానికి పది నిమిషాలు పట్టినా అదే మాట, నెట్ నెమ్మదించినా అదే మాట, లెక్కలు రాసుకునే ట్యాలీ ఒక్కటే తెరుచుకోకపోయినా అదే మాట. మూడింటికీ మూడు కారణాలు, మూడు దారులు. "మెమరీ నిండిపోయింది" అన్నప్పుడు వాళ్లు చెప్పేది ఫైళ్లు దాచే డిస్కు గురించి. దాన్ని ర్యామ్ (పని జరిగేటప్పుడు మాత్రమే వాడుకునే మెమరీ) అనుకుని "ర్యామ్ వేయించుకో" అంటే ఆ డబ్బంతా వృథా. సీపీయూ అంటే లోపలి ప్రాసెసర్ ఒక్కటే అయినా, మన దగ్గర కేబినెట్ మొత్తాన్ని సీపీయూ అంటారు. దాన్ని సరిదిద్దడానికి కూర్చోకండి. వాళ్ల మాటతోనే మాట్లాడండి, కానీ వాళ్లు ఏ వస్తువును ఆ పేరుతో పిలుస్తున్నారో తేల్చుకోండి. ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: నిన్నటి దాకా బాగుండి ఇవాళ చెడిందంటే మధ్యలో ఏమి జరిగింది? కరెంటు పోయి వచ్చిందా, ఉరిమిందా, కొత్త ప్రింటర్ పెట్టారా, ఊడ్చేటప్పుడు వైరు కదిలిందా, పిల్లలు ఏదైనా ఎక్కించారా?

ఒక ఉదాహరణ. మైదుకూరులో మా చిన్నమ్మ వాళ్ల ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఒకటి ఉంది. ఆమె మనవరాలు ఎంట్రన్స్ పరీక్షకు దరఖాస్తు నింపాలి. ఏ వెబ్‌సైట్ తెరిచినా "మీ కనెక్షన్ సురక్షితం కాదు" అన్న అర్థంలో ఎర్ర గుర్తుతో హెచ్చరిక వస్తోంది. తెలిసినవాళ్లు ఒకరు వైరస్ అన్నారు, ఇంకొకరు ఫార్మాట్ కొట్టమన్నారు. చిన్నమ్మ నాకు ఫోను చేసింది. తెర ఫోటో పంపమన్నాను. హెచ్చరిక కంటే ముందు నా కన్ను కింద కుడి మూలకు పోయింది. అక్కడ తేదీ 2009 జనవరి 1 అని ఉంది.

వెబ్‌సైట్లకు గుర్తింపు పత్రాలు ఉంటాయి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని వాటిలో రాసి ఉంటుంది. కంప్యూటర్ తాను 2009లో ఉన్నానని అనుకుంటే, ఇవాళ్టి పత్రం దానికి ఇంకా పుట్టని పత్రం. అందుకే ఏ సైటునూ నమ్మదు. తేదీ సరిచేయించగానే సైట్లన్నీ తెరుచుకున్నాయి, ఆ పిల్ల ఆ రాత్రే దరఖాస్తు పూర్తి చేసింది. అయితే తేదీ ఎందుకు తప్పింది? మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, సీఆర్ 2032 అని. మూడు వోల్టులది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. యాభై రూపాయలు కూడా చేయని ఆ బిళ్ల అయిపోయింది.

దాన్ని మార్చడం ఎవరికైనా చెప్పవచ్చు, కానీ ఈ వరుసలో చెప్పండి. ముందు షట్‌డౌన్ చేసి, వెనక ప్లగ్ పూర్తిగా పీకి, పవర్ బటన్ ఐదారు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. కేబినెట్ తెరిచాక ఏదీ కదపకముందే ఫోటో తీసుకోవాలి. బిళ్లలో ప్లస్ గుర్తు ఉన్న వైపు ఎటు ఉందో చూసుకుని, కొత్తది అలాగే పెట్టాలి. ఇక పాత బిళ్లను పసిపిల్లలకు అందే చోట వదలకూడదు. పిల్లలు దాన్ని మింగితే లోపల గొంతును కాల్చేస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఈ మాట చెప్పకుండా ఫోను పెట్టేయకండి.

ముందు ఫైళ్లు, తర్వాతే మరమ్మతు

"నీ ఫైళ్లు బ్యాకప్ ఉన్నాయా?" అని అడిగితే అందరూ ఉన్నాయనే అంటారు. అడగాల్సిన తీరు అది కాదు. "నీకు కావలసిన ఫైళ్లు ఏవి, అవి ఎక్కడ ఉన్నాయి, ఇంకో కాపీ ఏ పెట్టెలో ఉంది?" అని అడగండి. దస్తావేజులు రాసేవారైతే డెస్క్‌టాప్ మీదే అన్నీ పరిచి ఉంచుతారు. డెస్క్‌టాప్ అనేది సీ డ్రైవులో భాగమని చాలామందికి తెలియదు. కిరాణా హోల్‌సేల్ షాపుల్లో ట్యాలీ డేటా వేరే ఫోల్డరులో ఉంటుంది. అది ఎక్కడుందో షాపు యజమానికి తెలియదు, లెక్కలు రాసే గుమాస్తాకు తెలుస్తుంది. గుమాస్తాను ఫోనులోకి పిలవండి. కాపీ చేశాక అందులో నాలుగు ఫైళ్లు ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూడమనండి. తెరుచుకున్నప్పుడే అది కాపీ. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, ఎక్స్‌టర్నల్ డిస్కులో ఒకటి, ఇంటి బయట ఇంకెక్కడైనా ఒకటి ఉండాలి.

హార్డ్ డిస్కు నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తోందని చెబితే ఇంకేమీ చేయించవద్దు. ఆపేయమనండి. ఆ స్థితిలో చెక్‌డిస్క్ నడపమని చెప్పేవాళ్లు ఉన్నారు. చెక్‌డిస్క్ చెడిన చోట్లను దిద్దడానికి డిస్కు మీద రాస్తుంది, గంటల తరబడి దాన్ని తిప్పుతుంది. చావుబతుకుల్లో ఉన్నవాణ్ణి పరుగెత్తించడమే అది.

చోటు ఖాళీ చేసుకోవడానికి బయటి క్లీనర్లు ఏవీ అక్కర లేదు. విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టం, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ అని దారి ఉంది. అయితే అక్కడ వచ్చే జాబితాలో "డౌన్‌లోడ్స్" అని ఒక గడి ఉంటుంది. మామూలుగా దానికి టిక్కు ఉండదు. "అన్నీ టిక్కు పెట్టి తీసేయ్" అని మీరు అన్నారా, అంతే. మన ఇళ్లలో హాల్ టికెట్లు, ఆధార్ పీడీఎఫ్‌లు, ఈసీలు, ఫీజు రసీదులు అన్నీ ఉండేది ఆ డౌన్‌లోడ్స్‌లోనే. ఆ గడి పేరు చెప్పి, దాన్ని ముట్టుకోవద్దని చెప్పి, ఆ తర్వాతే మిగతావి చెప్పండి.

దుమ్ము, వేడి

ఇది మన ప్రాంతపు రోగం. దీనికి కొంచెం ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఎర్రగుంట్ల దగ్గర ఒక నాపబండల పాలిషింగ్ యూనిట్ ఆఫీసులో కంప్యూటర్ ఇరవై నిమిషాలు నడిచి దానంతట అదే ఆగిపోయేది. ఎవరో ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా) మార్చమన్నారు, మార్చారు. ఇంకెవరో ర్యామ్ అన్నారు, వేశారు. చివరికి నా దగ్గరికి తెచ్చారు. పక్క రేకు తీస్తే ప్రాసెసర్ మీది ఫ్యాను చక్కగా తిరుగుతోంది. కానీ దాని కింద ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రేకుల మధ్య సందు కనిపించలేదు. బండలు సానపట్టినప్పుడు లేచే బూడిదరంగు సున్నపురాయి పొడి ఆ సందుల్లో చేరి, గోడకు పూసిన పూతలా గట్టిపడి ఉంది. వట్టి దుమ్మయితే ఊదితే పోతుంది. ఇది ఎందుకు గట్టిపడిందా అని ఆ ఆఫీసుకు పోయి చూస్తే, కేబినెట్ వెనకే నీళ్ల కూలర్ పెట్టి ఉంది. చల్లగా ఉంటుందని పెట్టారట. ఆ తడి గాలి, ఈ పొడి కలిసి లోపల గచ్చు వేసినట్టు అయింది. ప్రాసెసర్ వేడి 100 డిగ్రీల దరిదాపులకు పోతే తనను తాను కాపాడుకోవడానికి యంత్రం ఆగిపోతుంది. ఎస్‌ఎంపీఎస్, ర్యామ్ రెండింటిలోనూ ఏ దోషమూ లేదు. శుభ్రం చేసి, ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య పూసే పేస్టు మార్చి, కూలరును ఇంకో గోడకు తిప్పించాను. ఆ తర్వాత అది ఆగలేదు.

మే నెలలో మన దగ్గర ఎండ 43, 44 డిగ్రీలకు పోతుంది. గదిలో గాలే వేడిగా ఉంటే ఫ్యాను విసిరేదీ ఆ వేడి గాలినే. అందుకే దుమ్ము తీయడం ఇక్కడ ఏడాదికోసారి చేసే పని కాదు. మామూలు ఇంట్లో నాలుగు నెలలకోసారి, బండల యూనిట్, పిండిమర, శనక్కాయల మిల్లు లాంటి చోట్ల నెలా రెండు నెలలకోసారి చేయాలి.

చేసే తీరు ఇలా చెప్పండి. ప్లగ్ పీకి, కేబినెట్‌ను వరండాలోకి తేవాలి. తల మీది ఫ్యాను గాలి కింద కాదు. మెత్తని పెయింటు బ్రష్షు, చేతి బ్లోయర్ చాలు. చేయి పెట్టేముందు కేబినెట్ రేకును ఒకసారి తాకాలి, ఒంట్లోని స్థిర విద్యుత్తుతో లోపలి భాగాలకు వచ్చే ముప్పు తగ్గుతుంది. బ్లోయర్ పట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో కదలకుండా ఆపి పట్టుకోవాలి. గాలి ఒత్తిడికి ఫ్యాను విపరీతమైన వేగంతో తిరిగితే బేరింగులు పాడవుతాయి. నోటితో ఊదకూడదు, ఉమ్మి తుంపర్లు బోర్డు మీద పడతాయి. తడి గుడ్డ అసలే వద్దు. హీట్‌సింక్‌ను ఊడదీయమని ఫోనులో ఎవరికీ చెప్పవద్దు. దాని కింది పేస్టు ఒకసారి విడిపోతే మళ్లీ కొత్తది పూయాల్సిందే, అది వాళ్ల దగ్గర ఉండదు. ల్యాప్‌టాప్ అయితే విప్పమనే చెప్పకండి. పరుపు మీద, ఒడిలో దిండు మీద పెట్టి వాడకుండా గట్టి పలక మీద పెట్టమనండి, గాలి రంధ్రాల దగ్గర బ్రష్షుతో తుడవమనండి.

కరెంటు సంగతి

"కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది" అని ఎవరైనా చెబితే "చెప్పులు వేసుకుని వాడు" అని సలహా ఇచ్చేవాళ్లను నా చెవులతో విన్నాను. దయచేసి ఆ మాట అనకండి. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటును వడకట్టే చిన్న కెపాసిటర్లు కొన్ని రేకు పెట్టెకు కలిసి ఉంటాయి. వాటి గుండా జారే కొద్దిపాటి కరెంటు ఎర్త్ వైరులోంచి భూమిలోకి పోవాలి. ఎర్త్ లేకపోతే అది పెట్టె మీదే నిలుస్తుంది, 230 వోల్టుల్లో దాదాపు సగం రేకు మీద కనిపిస్తుంది. టెస్టర్ పెడితే వెలుగుతుంది. ఆ కరెంటు మామూలుగా చాలా తక్కువే. కానీ జివ్వుమనడానికి కారణం అదేనా, లేక లోపల వైరు తెగి అసలు కరెంటే రేకుకు తగులుతోందా అన్నది ఫోనులో ఎవరూ చెప్పలేరు. కాబట్టి చెప్పాల్సింది ఒకటే: గోడ దగ్గర స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ చూపించమనండి.

మూడు పిన్నుల ప్లగ్‌లో లావుగా, పొడుగ్గా ఉండేదే ఎర్త్ పిన్ను. సాకెట్‌లో పట్టడం లేదని దాన్ని కోసేసినవాళ్లు ఉన్నారు, రెండు పిన్నుల అడాప్టర్ తగిలించినవాళ్లు ఉన్నారు. అదేమైనా చేశారా అని అడగండి. పాత ఇళ్లలో ఉప్పు, బొగ్గు వేసి చేసిన ఎర్త్ గుంత ఎండాకాలంలో పూర్తిగా ఎండిపోతుంది. తడి లేని నేల కరెంటును సరిగా తీసుకోదు. మా నాయన వేసవిలో ఆ గుంతలో వారానికి రెండు బిందెల నీళ్లు పోసేవాడు. అదీ యంత్రాల సంరక్షణే.

ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎవరి చేతా తెరిపించకండి. ప్లగ్ పీకినా లోపలి పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా కొంతసేపు నిలిచి ఉండవచ్చు. అలాగే ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ పైకి లేచిందన్నా, అడుగు ఉబ్బి బల్ల మీద ఊగుతోందన్నా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఆపేయాలి, చార్జర్ తీసేయాలి, నొక్కకూడదు, సూదితో పొడవకూడదు. మంట లేస్తే ఇల్లే అంటుకుంటుంది. ఎండలో బండి మీద పెట్టి తిప్పకుండా నేరుగా షాపుకు తెమ్మనండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఉండగా ఇంకో రెండు యాంటీవైరస్‌లు ఎక్కించమనవద్దు, అవి ఒకదాని కాళ్లలో ఒకటి పడతాయి. రిజిస్ట్రీ క్లీనర్లు, డ్రైవర్ అప్‌డేటర్లు అని దొరికేవి వద్దు. ఎస్‌ఎస్‌డీని (తిరిగే పళ్లెం లేని కొత్త రకం డిస్కు) డీఫ్రాగ్ చేయమనవద్దు, అంటే ఫైళ్ల ముక్కలను ఒకచోటికి చేర్పించవద్దు, దానికి కావలసింది విండోసే చేసుకుంటుంది. డబ్బు కట్టకుండా విండోస్‌ను నడిపే దొంగ యాక్టివేటర్ల దారి చూపించడం అంటే ఇంటి తాళంచెవి ముక్కుమొహం తెలియనివాడికి ఇవ్వడమే. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అంటే మర్నాటి నుంచి పెట్టె ఆగిపోతుందని కాదు, బ్యాంకు పనులకు దాన్ని నమ్ముకోవడం క్షేమం కాదని. అలాగే కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కుకు తాళం వేసి ఉండవచ్చు. బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల తెర) ఏదో మార్చమని మీరు చెప్పిన మరుక్షణం అది 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ వాళ్ల మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో చూసుకోకుండా బయోస్ పేరు ఎత్తవద్దు.

ఒక్క విషయం దగ్గర మాత్రం మళ్లీ ఆగాలి. తెర నిండా ఎర్రగా "మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, ఈ నంబరుకు ఫోను చేయండి" అని వస్తే, అది మోసం. మైక్రోసాఫ్ట్ ఇచ్చే అసలు హెచ్చరికల్లో ఫోను నంబరు ఉండదు. బ్రౌజర్ మూసేయాలి, మూతపడకపోతే కంప్యూటరే ఆపేయాలి. ఇప్పటికే ఫోను చేసి, వాళ్లు చెప్పిన యాప్ ఎక్కించి ఉంటే నెట్ తీసేయాలి, బ్యాంకుకు చెప్పాలి, పాస్‌వర్డ్‌లు ఇంకో యంత్రం నుంచి మార్చాలి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఆ నిమిషంలోనే ఫోను చేయించాలి. ఇలాంటప్పుడు మనుషులు సిగ్గుతో సగమే చెబుతారు. తిట్టకండి. తిడితే ఆ మిగతా సగం మీకు ఎప్పటికీ తెలియదు, గంట ఆలస్యమవుతుంది. మీరు కూడా దూరం నుంచి వాళ్ల తెర నడిపే యాప్ వాడితే, పని కాగానే వాళ్ల చేతే దాన్ని తీసేయించండి. ఎవరు అడిగినా అలా తెర ఇచ్చేయడం వాళ్లకు అలవాటు కాకూడదు.

ఏ సలహా చెప్పినా ఒకసారికి ఒక్క పనే చెప్పండి. అది చేశాక తెర మీద ఏమి వచ్చిందో విని, ఆ తర్వాతే రెండోది. మూడు పనులు ఒకేసారి చేయిస్తే ఏది బాగుచేసిందో తెలియదు, ఏది చెడగొట్టిందో అసలే తెలియదు. చేసినదాన్ని తేదీతో కాగితం మీద రాయించి, కేబినెట్ పక్కన అంటించమనండి. రేపు నాలాంటివాడి చేతికి ఆ పెట్టె వస్తే అదే మొదట చదివే చీటీ.

ఆ తర్వాత మర్నాడు మీరే ఫోను చేయండి. మైదుకూరులో బ్యాటరీ మార్పించిన రోజు రాత్రి గోడ దగ్గర స్విచ్ ఆపేసి పడుకోమని చిన్నమ్మకు చెప్పాను. కొత్త బిళ్ల పనిచేస్తోందో లేదో తెలియాలంటే కరెంటు లేకుండా ఒక రాత్రి గడవాలి. పొద్దున ఏడింటికి నేను చేసేలోపే ఆమె చేసింది. గోడ గడియారానికీ కంప్యూటర్‌కూ రెండే నిమిషాల తేడా ఉందని, గోడదే ముందుందని చెప్పింది.